శివారు ఆయకట్టుకు నీరు, ఆనకట్టకు గేట్లు: మా సంఘం ముందుగా ఏ పని అడగాలి?

ప్రశ్న: చోడవరం వైపు రైతు కుటుంబం, ప్రస్తుతం గాజువాక

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను గాజువాకలో ఉంటున్నాను. మా నాలుగెకరాల పల్లం మాత్రం చోడవరం వైపు, ఒక మధ్యతరహా జలాశయం కుడి కాలువకు చిట్టచివర ఉంది. సాగు చూసుకునేది మా బాబాయి. జలాశయం పేరు కావాలనే రాయడం లేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు; పైగా ఉమ్మడి విశాఖ జిల్లాలో ఏ జలాశయం కింద శివారు రైతును కదిపినా ఇంచుమించు ఇదే సంగతి చెబుతాడు.

ఆగస్టులో కాలువకు నీరు వదులుతారు. ఎగువ గ్రామాల వారు దమ్ము చేసి ఊడ్పులు ముగించుకునే దాకా మా మైనరులోకి (పిల్ల కాలువలోకి) చుక్క రాదు కనుక, మా ఊడ్పులు సెప్టెంబరు సగం గడిస్తే గాని తెమలవు. అలా ఆలస్యమైన వరి అక్టోబరు, నవంబరు నెలల్లో పొట్ట మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే వాయుగుండం వార్త వస్తుంది, జలాశయాన్ని ముందుజాగ్రత్తగా తగ్గించడం మొదలవుతుంది. మా కాలువలోకి రాని నీరు గేట్ల కింద నుంచి నదిలోకి పోయి, దిగువన గట్టు పక్క మళ్లను ముంచి సముద్రంలో కలుస్తుంది. వాన పడకుండా వాయుగుండం ఒడిశా వైపు మళ్లిపోయిన ఏడాది మా పరిస్థితి ఇంకా దారుణం: జలాశయంలో నీరూ ఉండదు, ఆకాశం నుంచీ రాదు.

2024 డిసెంబరులో జరిగిన సాగునీటి సంఘాల ఎన్నికల్లో బాబాయి ప్రాదేశిక సభ్యుడిగా ఎన్నికయ్యారు. సంఘం తరఫున ఒక వినతిపత్రం తయారు చేయమని నన్ను అడిగారు. సమావేశంలో ఒక్కొక్కరిది ఒక్కో మాట. కాలువకు సిమెంటు లైనింగు వేయించాలని కొందరు, జలాశయంలో పూడిక తీయించాలని కొందరు, ఉత్తరాంధ్ర సుజల స్రవంతి కింద గోదావరి నీళ్లు వచ్చాక అన్నీ సర్దుకుంటాయి కాబట్టి దాని కోసమే పట్టుబట్టాలని మరికొందరు అంటున్నారు. గేట్ల సంగతి ఎత్తినవారు ఒక్కరే. అది ఇంజనీర్ల పని, మనకెందుకని మిగతావారు ఆయనను కూర్చోబెట్టేశారు. గేట్ల మీద భరోసా లేనందువల్ల కొన్నేళ్లుగా జలాశయాన్ని పూర్తి నీటిమట్టానికి ఒక మీటరు తక్కువలోనే ఉంచుతున్నారని కూడా విన్నాను.

ముందుగా ఏ పని అడగడం సబబు? ఆనకట్ట భద్రత గురించి అడిగే అధికారం రైతు సంఘానికి ఉంటుందా? ఈ రంగంలో పనిచేసినవారు, ఇతర ఆయకట్టుల రైతులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, ఎంవీపీ కాలనీ

మీరు చివర్లో మాటవరసకు చెప్పిన ఆ ఒక్క మీటరే మీ వినతిపత్రంలో మొదటి వాక్యం కావాలి. ఎందుకో లెక్క వేసి చూపుతాను.

జలాశయం పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది. కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ నీరు పట్టేది పై మీటరులోనే. పూర్తి మట్టం దగ్గర నీటి విస్తీర్ణం 500 హెక్టార్లు అనుకుందాం (మీ జలాశయం అసలు అంకె డివిజన్ కార్యాలయంలోని సామర్థ్య పట్టికలో దొరుకుతుంది). ఆ ఒక్క మీటరులో 50 లక్షల ఘనపు మీటర్లు, అంటే 4 వేల ఎకరాల్లో అడుగు లోతు నిలబడేంత నీరు ఉంటుంది. దారిలో సగం ఇంకిపోయినా, ఒక తడికి మూడంగుళాల చొప్పున 8 వేల ఎకరాలకు ఒక తడి పారుతుంది. మీ శివారు వరి పొట్ట దశలో అడిగేది ఆ ఒక్క తడినే కదా! గేటు నమ్మకంగా పనిచేయని చోట ఏ ఇంజనీరూ జలాశయాన్ని నిండా నింపడు, నింపకూడదు కూడా. అందుకని గేట్ల మరమ్మతును భద్రత పద్దు కింద తోసేసి, సాగునీటిని వేరే పద్దుగా చూడడం పొరపాటు. మీ సమావేశంలో గేట్ల మాట ఎత్తి కూర్చున్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయన్ను మళ్లీ లేపండి.

ఇది నా ఊహ అనుకోకండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు (గేటు స్థానంలో అడ్డంగా దించే పలకలు) దించి నీటిని నిలిపారు గాని, మిగిలిన 32 గేట్లూ అదే కాలం నాటివి. వాటిని నమ్మలేక, 105 టీఎంసీలకు పైగా పట్టే జలాశయాన్ని 2025లో 80 టీఎంసీల దగ్గర ఆపేశారు, రెండో పంటకు నీరు లేదన్నారు. వరద వచ్చింది, వాన కురిసింది, నది నిండుగా పారింది; ఆపి ఉంచుకునే తలుపులు లేవు, అంతే. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా, దాని స్థానంలో స్టాప్‌లాగ్ దించడం కోసం నిండిన జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయవలసి వచ్చింది.

అదే ఏడాది నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు తెగిపోయిన తీరు ఇంకా బాధాకరం. చెయ్యేరులోకి స్పిల్‌వే (వరద నీటిని బయటికి వదిలే గేట్ల భాగం) పంపగలిగినదానికన్నా ఎక్కువ వరద వచ్చింది; ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీరూ తోడైంది; ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. నీరు మట్టికట్ట మీదుగా పొర్లింది. కాంక్రీటు కట్టడం మీదుగా నీరు పొర్లితే కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట గంటల్లో కరిగిపోతుంది. మన ప్రాంతంలో తాండవ, రైవాడ, కోనాం, పెద్దేరు, కల్యాణపులోవ, అన్నిటికీ మట్టికట్టలున్నాయి. అన్నిటికీ నీరు తూర్పు కనుమల నుంచి వస్తుంది. కృష్ణాలోనో గోదావరిలోనో వరద పై నుంచి రావడానికి రోజులు పడుతుంది, ఆ లోపు ఫోన్లు చేసుకోవచ్చు. మనకు పాడేరు, అనంతగిరి కొండల్లో రాత్రి కుండపోత కురిస్తే తెల్లవారేసరికి జలాశయంలో ఉంటుంది. ఆ సమయంలో కరెంటు ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో విద్యుత్తు స్తంభాలు ఎలా పడిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. అందుచేత గేటు చూడడమంటే ఇనుప పలకకు రంగు వేశారా లేదా అని చూడడం కాదు. జనరేటరు పూర్తి భారం మీద నడుస్తోందా, దానికి డీజిలు ఉందా, ఇనుప తాళ్లకు గ్రీజు పెట్టారా, తాడు పోగులు తెగి ముళ్లలా లేచాయా, గేటు తిరిగే పిన్నులు బిగుసుకుపోయాయా, రబ్బరు సీళ్ల పక్క నుంచి నీరు కారుతోందా, కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పితే గేటు ఎంతసేపటికి లేస్తుంది, స్టాప్‌లాగ్‌లు ఉన్నాయా, ఉంటే వాటిని దించే గ్యాంట్రీ క్రేను పట్టాల మీద కదులుతుందా అన్నవి చూడాలి. ఈ ఆఖరి ప్రశ్నకు చాలాచోట్ల మౌనమే సమాధానంగా వస్తుంది.

మీరు అడిగిన అధికారం సంగతి. ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమల్లో ఉంది. 15 మీటర్లకు మించి ఎత్తున్న ప్రతి ఆనకట్టకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తుండి పొడవు, నిల్వ, వరద ప్రవాహం వంటి కొన్ని షరతులకు లోబడే వాటికీ ఇది వర్తిస్తుంది. వర్షాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయించడం యజమాని బాధ్యత. మన రాష్ట్రంలో యజమాని ప్రభుత్వమే. పాత ఆనకట్టలకు స్వతంత్ర నిపుణులతో సమగ్ర భద్రతా మూల్యాంకనం, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయడానికి చట్టం ఐదేళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. మీ జలాశయానికి ఇవి అయ్యాయా, అయితే గేట్ల గురించి ఏం రాశారు అని సంఘం తీర్మానం చేసి లిఖితపూర్వకంగా అడగవచ్చు. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం ఎలాగూ ఉంది.

మిగతా సూచనల గురించి క్లుప్తంగా. ఊరి చెరువుల్లో పూడిక తీయడం మంచి పని. మట్టి పొలాలకూ పనికొస్తుంది. మధ్యతరహా జలాశయంలో పూడిక తీయించడమంటే ఖర్చుకు అంతూ పొంతూ ఉండదు, తీసిన మట్టి ఎక్కడ పోయాలో కూడా తెలియదు. లైనింగు వేస్తే నీరు వేగంగా పారుతుంది, నిజమే. తూములకు షట్టర్లు లేనప్పుడు వేగంగా పారేది ఎగువ మళ్లలోకే. గోదావరి నీళ్లు రావాలి, 63.2 టీఎంసీలతో 8 లక్షల ఎకరాలన్నది చిన్న పథకం కాదు. కాని ఆ నీరు వచ్చినా పారవలసింది ఇవే కాలువల్లో కదా.

జవాబు 2: తాండవ ఆయకట్టు రైతు

ఇంజనీరు గారి లెక్కను నేను కాదనడం లేదు. కాని శివారున నలభై ఏళ్లుగా నీటి కోసం కాపు కాస్తున్న కుటుంబం నుంచి వచ్చినవాడిగా ఒక మాట చెప్పాలి. గేట్లు బాగుపడి జలాశయంలో మీటరు నీరు పెరిగితే, ఆ మీటరు కూడా మొదట ఎగువ వారి మళ్లలోకే పోతుంది. మీ శివారుకు చేరాలంటే వంతు మారాలి.

మా మైనరులో మేము చేసుకున్న ఏర్పాటు ఇది. కాలువకు నీరు వదిలిన మొదటి విడతలో ఎగువ తూములన్నీ మూసి, నీటిని నేరుగా చివరకు పంపుతాం. చివరి గ్రామం ఆకుమళ్లు తడిశాక ఒక్కో తూమూ తెరుచుకుంటూ పైకి వస్తాం. ఎగువ వారు ఊరికే ఒప్పుకోలేదు. ఊరి పెద్దల ముందు కూర్చుని, మీ ఊడ్పులకు ఇన్ని రోజుల్లో నీరు ఇచ్చి తీరుతామని తేదీలు రాసి ఇస్తే గాని తల ఊపలేదు. ఆ తేదీ తప్పితే మరుసటి ఏడాది మన మాట ఎవరూ వినరు, కాబట్టి రాత్రిళ్లు కాలువ గట్టు మీద తిరగడానికి ఎకరానికి ఇంత అని వేసుకుని ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్నాం. లస్కర్ల (కాలువ కాపలా సిబ్బంది) పోస్టులు ఖాళీగా ఉన్న చోట ఇంతకన్నా దారి లేదు.

ఇంకో పని చేయండి, దీనికి నిధులు అక్కర్లేదు. మీ మైనరు తల దగ్గర, మధ్యలో, చివర కాలువ గోడకు అడుగులు, అంగుళాలు వేసి స్కేలు గీయించండి. రోజూ ఉదయం 6 గంటలకు ఆ మూడు స్కేళ్ల ఫొటోలు సంఘం వాట్సాప్ గ్రూపులో పడాలి. ఒక క్యూసెక్కు నీరు ఒక రోజంతా పారితే రెండెకరాల్లో అడుగు లోతు నిలుస్తుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగి, స్కేలు మీద ఏ మట్టానికి ఎన్ని క్యూసెక్కులో ఒక పట్టిక రాయించుకోండి. తల దగ్గర 20 క్యూసెక్కులు దిగి, చివర మూడు కూడా కనిపించకపోతే, మధ్యలో ఏ ఊరి దగ్గర పోతోందో ఫొటోలే చెబుతాయి. అంతకుముందు మా సమావేశాల్లో అరుపులు తప్ప అంకెలు ఉండేవి కావు.

వరిలో నీరు ఆదా చేయడం గురించి వ్యవసాయ శాఖ వారు చెప్పే ఆరుతడి పద్ధతిని కూడా ఈ వంతు సంగతితో కలిపే చూడాలి. రంధ్రాలు చేసిన అడుగు పొడవు గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందకు దిగిన తర్వాతే మళ్లీ తడి ఇవ్వాలంటారు. పొట్ట, పూత దశల్లో మాత్రం మడి ఆరనివ్వకూడదు. పద్ధతి మంచిదే, మా మళ్లలో పనిచేసింది. కాని మళ్లీ నీరు ఏ రోజు వస్తుందో తెలియని రైతు మడి ఎలా ఆరబెడతాడు? వచ్చిన రోజే గట్టు తెగేదాకా పెడతాడు. ఎగువ రైతు నిండా పెట్టుకోవడానికి కారణం దురాశ ఒక్కటే అనుకోకండి. భయం కూడా ఉంది. వంతు తేదీ ఖాయమైన చోట గొట్టం పాతమంటే వింటారు.

జవాబు 3: సీతమ్మధార నివాసి

నేను రైతును కాను. మా కుళాయిలోకి వచ్చే నీరు ఎక్కడిదో ఈ మధ్యే తెలుసుకున్న నగరవాసిని. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు: ఇవన్నీ విశాఖ దాహం తీర్చేవే. రైవాడ నీరు ముందు ఆయకట్టుకు ఇవ్వాలన్న డిమాండు ఎన్నేళ్ల నుంచో ఉంది, అది అన్యాయమైన కోరిక అని నేను అనలేను. నగరంలో పైపుల లీకేజీలు తగ్గించి, శుద్ధి చేసిన మురుగునీటిని పరిశ్రమలకు ఇవ్వడం పెరిగితే ఆ మేరకు జలాశయాల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ పని అడగవలసింది మేము.

గేట్ల సంగతిలోనూ మాకు సంబంధం ఉంది. మేఘాద్రిగెడ్డ గేట్లు ఎత్తితే విమానాశ్రయం వైపు పల్లపు ప్రాంతాలు ఉలిక్కిపడతాయి. ఎత్తబోతున్నామని ఎన్ని గంటల ముందు చెబుతారు, ఎవరికి చెబుతారు అన్నది ఇక్కడి కాలనీ సంఘాలకు కూడా కాగితం మీద తెలిసి ఉండాలి. ఇంజనీరు గారు చెప్పిన అత్యవసర ప్రణాళికలో ఇది ఉంటుందా?

ఇంజనీరు గారి సమాధానం

ఉంటుందండీ, ఉండి తీరాలి. ఆనకట్ట తెగితే నీరు ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో చూపే ముంపు పటాలు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తెలిపే క్రమం, ప్రజలను ఎక్కడికి తరలించాలన్నది అందులో ముఖ్య భాగాలు. ఆ ప్రణాళిక బీరువాలో ఉండి, దిగువ గ్రామ సచివాలయంలో దాని ప్రతి లేకపోతే ప్రయోజనం సున్నా.

తాండవ రైతు గారు వంతు గురించి చెప్పినది అక్షరాలా నిజం. నేను గేట్లను ముందు పెట్టడానికి కారణం, వంతు మీ చేతిలో ఉన్న పని, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వినతిపత్రం రాయవలసింది మన చేతిలో లేని పనికి.

ప్రశ్న అడిగినవారి నుంచి మరొక సందేహం

ఇంజనీరు గారికి, రైతు గారికి, సీతమ్మధార మిత్రులకు కృతజ్ఞతలు. ఈ ఆదివారం ఊరికి వెళ్లి బాబాయితో కలిసి కట్ట పొడవునా నడిచాను. కట్ట దిగువ వాలు మీద సర్కారు తుమ్మ, తూటికాడ ఏపుగా పెరిగి అసలు వాలే కనిపించడం లేదు. ఒక చోట, కాలువ తూముకు దగ్గరలో, కట్ట పాదం వద్ద మంచం పరిచేంత మేర నేల చెమ్మగా ఉండి, పచ్చగా తుంగ మొలిచింది. పక్క రైతును అడిగితే మా తాతల నాటి నుంచీ అక్కడ ఊట ఉందని, వేసవిలో పశువులు అక్కడే నీళ్లు తాగుతాయని చెప్పారు. అక్కడికి కాస్త దూరంలో ఇటుక బట్టీ కోసమో దేనికో మట్టి తవ్వుకుపోయిన గొయ్యి కూడా ఉంది. ఇది కూడా వినతిపత్రంలో రాయాలా? అనవసరంగా భయపెట్టినట్టు అవుతుందేమోనని బాబాయి సంకోచిస్తున్నారు.

ఇంజనీరు గారి సమాధానం

తప్పకుండా రాయండి, ఫొటోలతో సహా రాయండి. భయపడవలసినదా కాదా అన్నది చెప్పడానికి కూడా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి కదా.

మట్టికట్ట నుంచి ఊట రావడం దానికదే ప్రమాదం కాదు. ప్రతి మట్టికట్టలోనూ ఎంతో కొంత నీరు లోపల నుంచి నడుస్తుంది. అది మట్టిని లాక్కురాకుండా బయటపడేందుకే కట్ట అడుగున ఇసుక, కంకరతో వడపోత పొరలు, పాదం వద్ద రాతి కట్టడం, దాని వెంట కాలువ పెడతారు. చూడవలసినవి మూడు. మొదటిది, ఆ నీరు తేటగా ఉందా, బురదగా ఉందా. దాన్ని ఒక గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున సన్నని మట్టి పేరుకుంటే కట్ట లోపలి నుంచి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. రెండోది, జలాశయంలో మట్టం మారనప్పుడు కూడా ఊట పెరుగుతోందా. మూడోది, అది ఎక్కడ ఉంది. మీరు తూముకు దగ్గరలో అన్నారు. నాకు ఎక్కువ ఆలోచన కలిగించింది ఆ మాటే. కట్ట గుండా తూము గొట్టం పోయే చోట మట్టి, కాంక్రీటు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవు. ఆ సందు వెంట నీరు దారి చేసుకోవడం మట్టికట్టలకు తెలిసిన జబ్బు. తాతల నాటి ఊట అయినా సరే, కొలిచిన లెక్క లేకపోతే అది అప్పటికన్నా పెరిగిందో లేదో ఎవరు చెప్పగలరు? పాదం వెంట కాలువలో చిన్న వీ-నాచ్ పలక (ప్రవాహం కొలిచే వీ ఆకారపు గాటు ఉన్న పలక) బిగిస్తే చాలు, రోజూ ఎన్ని లీటర్లు వస్తోందో జలాశయం మట్టంతో పాటు రాసుకోవచ్చు. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

సర్కారు తుమ్మ సంగతి. చెట్టు వేళ్లు కట్టలోకి దిగుతాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్లి గొట్టంలా మిగులుతుంది. ఎలుకలు, ఉడుములు ఆ పొదల్లో బొరియలు పెడతాయి. అన్నిటికీ మించి, పొదలుంటే పగుళ్లు, జారుడు, ఊట కనిపించవు, తనిఖీ ఎంత నిజాయితీగా చేసినా ఏమీ తెలియదు. చిన్న మొక్కలను ఇప్పుడే పీకించండి. పెద్ద చెట్లను మాత్రం ఇంజనీరును అడగకుండా వేళ్లతో పెకలించవద్దు. ఆ గొయ్యిని పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిస చేయకపోతే చెట్టు ఉన్నప్పటికన్నా ఎక్కువ నష్టం. మట్టి తవ్విన గొయ్యిని కూడా వదలకండి. కట్ట పాదం దగ్గర బరువు తీసేస్తే వాలుకు ఆసరా పోతుంది, ఊట దారి కూడా దగ్గరవుతుంది.

ఇంకొక్కటి, ఊళ్లో అందరికీ తెలిసి ఉండాలి. వరద సమయంలో కట్ట పాదం వద్ద నీరు బుగ్గలా పొంగి, చుట్టూ ఇసుక కుప్పగా పడుతుంటే, జనం వెంటనే బంకమట్టి బస్తాలు తెచ్చి నోరు మూసేస్తారు. అలా చేస్తే నీరు ఇంకో చోట, ఇంకా బలంగా బయటికి తన్నుకొస్తుంది. చేయవలసినది నీటిని పోనిచ్చి మట్టిని ఆపడం: బుగ్గ మీద ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన ముతక కంకర, చివరగా రాళ్లు పేర్చాలి. లేదా బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా అడ్డు కట్టి లోపల నీరు ఎత్తుకు లేచేలా చేయాలి, అప్పుడు పొంగే వేగం తగ్గుతుంది. అంతకన్నా ముందే నీటిపారుదల శాఖ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), తహసీల్దారు కార్యాలయాలకు ఫోన్ వెళ్లాలి. వానాకాలానికి ముందే రెండు లారీల ఇసుక, రెండు లారీల కంకర, ఖాళీ బస్తాలు కట్ట మీద నిల్వ పెట్టించమని అదే వినతిపత్రంలో అడగండి. అర్ధరాత్రి వానలో కంకర ఏ క్వారీ వాడూ పంపడు.

అక్టోబరు నీటి విషయంలో కూడా ఒక వాక్యం చేర్చండి. ఏ నెలలో ఏ మట్టం దాకా నిల్వ ఉంచవచ్చో చెప్పే నియమావళి ప్రతి జలాశయానికీ ఉండాలి. పరీవాహక కొండల్లో స్వయంచాలక వర్షమాపకాలు పెట్టి, గేట్లు అనుకున్న సమయంలో లేస్తాయన్న నమ్మకం కలిగితే, వాయుగుండం వార్త రాగానే వారం ముందే ఖాళీ చేయనక్కర్లేదు. వాన కొండ మీద పడడం చూసి తగ్గించవచ్చు. మీ శివారుకు పొట్ట దశలో తడి దొరికేది ఆ తేడాలోనే. ఆ నియమావళిని ఏటా సంఘం ప్రతినిధుల సమక్షంలో సమీక్షించాలని కోరండి.

తాండవ ఆయకట్టు రైతు

చివరగా సమయం గురించి ఒక మాట. గేటు పనులు చేయాలంటే మట్టం గేటు గడప కిందకు దిగి ఉండాలి, కాలువ పనులకు కాలువ ఎండి ఉండాలి. ఆ రెండూ కుదిరేది మార్చి నుంచి మే వరకే. అంచనాలు, అనుమతులు, టెండర్లు అన్నీ అయ్యేసరికి నెలలు గడిచిపోతాయి కాబట్టి మే నెలలో వినతిపత్రం ఇస్తే ఆ ఏడాదికి పని లేనట్టే. సంక్రాంతి దాటగానే తీర్మానం చేసి, జనవరి నెలాఖరులోగా ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకోండి. వాలు మీద పొదలు కొట్టించడానికి ఉపాధి హామీ పనుల్లో వీలుందేమో పంచాయతీలో అడగండి. దానికి గేట్ల దాకా ఆగనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు

అలాగే చేస్తామండీ. సీసాలో నీరు పట్టి పెట్టమని బాబాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. తీర్మానం ముసాయిదా తయారయ్యాక ఇక్కడే పెడతాను. సామర్థ్య పట్టికలో పై మీటరుకు అసలు అంకె ఎంతో దొరికితే దాన్నే మొదటి వాక్యంలో రాస్తాను.